ఐదు గంటల కుర్చీ

ఎచూకా, నది ఒడ్డు
ఫిబ్రవరి 9

ప్రియమైన రేలీన్‌కి,

కవరు మీద నా కోడికెలుకుడు రాత చూసి "దీనికి మతి పోయింది, ఈ రోజుల్లో ఉత్తరమేమిటి" అని నవ్వుకునే ఉంటావు. నవ్వుకో. ఫోను కట్టేసి వ్యాను సొరుగులో పడేశాను. నది ఒడ్డున కూర్చున్న మనిషికి ఫోనెందుకే? మనం ఉన్ని మిల్లులో పక్కపక్క మగ్గాల మీద ఇరవై రెండేళ్ళు పనిచేశాం. ఆ రొదలో మాట వినపడక చీటీలు రాసి విసురుకునేవాళ్ళం, గుర్తుందా? ఇదీ అంతే అనుకో. చీటీ కాస్త పొడుగు, అంతే తేడా.

ఓనరు ఇల్లు అమ్మేస్తున్నాడని తెలిసి అందరూ నన్ను చూసి అయ్యో పాపం అన్నారు. నువ్వు మాత్రం "మా వెనక గదిలోకి వచ్చెయ్యవే, సగం అద్దె కట్టుకుందువుగాని" అన్నావు. నేనేమో "అరవై నాలుగేళ్ళు వచ్చాక నీ కుట్టుమిషను పక్కన పడుకుని నీ గురక వినాలా? నేను దేశం చూడ్డానికి పోతున్నా" అన్నాను. నీ ముఖం చిన్నబోయింది. ఏమీ అనుకోకు. వ్యానెక్కి ఆ మలుపు తిరిగాక నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మా ఆయన రాన్ పోయేదాకా కుళాయిల పనికి తిప్పిన వ్యాను కదా, ఇంకా లోపల జిగురు వాసనే. వెనకాల పరుపు వేశాను. మిల్లు మూతబడిన రోజు తలా ఒకటి ఇచ్చారే, ఆ బూడిదరంగు దుప్పటి, అది పరిచాను. రాజభోగం!

పొద్దున్నే గుంపులు గుంపులుగా కాకటూ చిలకలు అరిచి లేపుతాయి. అలారం ఖర్చు లేదు. నీళ్ళు పక్కనే, చెట్లు పక్కనే. ఇన్నేళ్ళూ నాలుగు గోడల మధ్య ఏం చేశామే మనం?

స్వాన్ హిల్ పోస్టాఫీసుకు నా పేరున రాయి. నేనొచ్చి తీసుకునేదాకా అట్టే పెడతారు.

ఊరూరా తిరిగే నీ
గ్లెనిస్


జీలాంగ్
ఫిబ్రవరి 24

ఒసే దేశదిమ్మరీ,

నీ ఉత్తరం బడి క్యాంటీనుకు పట్టుకెళ్ళి, శాండ్‌విచ్‌లు కట్టడం అయ్యాక అందరికీ చదివి వినిపించాను. మా క్యాంటీను పెద్ద లెస్లీ ముఖం చూడాల్సింది, మాడిన టోస్టులా అయింది! "ఆవిడకేం, అదృష్టవంతురాలు" అంది. నేను వెంటనే "అదృష్టం కాదు, గుండె ధైర్యం" అన్నాను. నీ తరఫున నేను గొప్పలు పోతున్నాను, ఏం చేస్తాం.

నా సంగతులు ఏమున్నాయి? క్యాంటీను వారానికి ఐదు రోజుల నించి మూడు రోజులకు తగ్గించారు. పిల్లలు కొనడం మానేశారట. ఇళ్ళ నించే డబ్బాల్లో తెచ్చుకుంటున్నారు, కొందరు అదీ తేవడం లేదు. పోనీలే, నాకూ అరవై ఎనిమిది వచ్చాయి, కాళ్ళకు కాస్త విశ్రాంతి. పెన్షను ఎలాగూ ఉంది.

మా ఇంటికి ఓనరు తరఫున అద్దె వ్యవహారం చూసే కొత్త ఏజెంటు వచ్చాడు. పెళ్ళికొడుకులా సూటు వేసుకొచ్చి గదిగదికీ ఫొటోలు తీశాడు. "పదకొండేళ్ళలో ఇల్లు ఎంత శుభ్రంగా ఉంచారండీ" అని మెచ్చుకున్నాడు. ఈ మధ్య మనల్ని మెచ్చుకున్నవాళ్ళెవరే? టీ ఇచ్చి పంపాను.

దారిలో ఎవరితోనైనా మాట్లాడుతున్నావా? ఒంటరిగా ఉంటే నీ నోరు తుప్పు పడుతుంది.

ఇక్కడే పాతుకుపోయిన
రేలీన్


స్వాన్ హిల్ దగ్గర
మార్చి 20

రేలీనూ, నా బంగారూ,

మాట్లాడే మనుషులు లేకేం! సాయంత్రం ఐదయ్యేసరికి చూడాలి. ఇంటికి తాళమేసి, కారు వెనక చక్రాల ఇళ్ళలాంటి కారవాన్లు లాక్కుంటూ దేశం తిరిగే ముసలి జంటలన్నీ ఎవరి కుర్చీ వాళ్ళు, ఎవరి గ్లాసు వాళ్ళు పట్టుకుని బయటికొస్తారు. చెట్టు కింద గుండ్రంగా కూర్చుంటారు. పిలుపులుండవు. కుర్చీ ఉంటే చాలు, నువ్వు వాళ్ళ మనిషివే. కుర్చీ లేనివాడు వ్యానులోనే కూర్చుంటాడు. నేను మొదటి వారం వ్యానులోనే కూర్చున్నాను. తరవాత మునిసిపాలిటీ చెత్త యార్డు పక్కన పాత సామాన్ల దుకాణంలో ఆకుపచ్చ మడత కుర్చీ ఒకటి దొరికింది. ఒక కాలు కాస్త వంకర. దాన్ని పట్టుకెళ్ళి వేసుకున్నాను. "రండి రండి, ఏ ఊరు మీది, ఎటు వెళ్తున్నారు?" అన్నారు. "ఉత్తరానికి, తొందరేం లేదు" అన్నాను. ఆ మాట అనడం ఎంత బావుందో!

డెస్మండ్, పౌలీన్ అని ఒక జంట. వాళ్ళ కారవాన్ మన మిల్లు మేనేజరు ఇల్లంత ఉంటుంది. ఆ పౌలీన్ మనసు వెన్న. "రేపు బయల్దేరుతున్నాం, ఫ్రిజ్ ఖాళీ చెయ్యాలి, తీసుకెళ్ళండి" అని సాసేజీలు, గుడ్లు, సగం గుమ్మడికాయ ఇచ్చింది. మర్నాడు బయల్దేరలేదు. రెండు రోజులయ్యాక మళ్ళీ "రేపు బయల్దేరుతున్నాం" అని ఇంకో సంచి ఇచ్చింది. మతిమరుపు మనిషి.

ఒక చోట మూడు రోజులకు మించి నిలవడం లేదు నేను. మూడు రోజులు, తరవాత ఇంకో ఒడ్డు. కాలికి చక్రాలొచ్చాయి అనుకో. ఇకనించి మిల్డూరా పోస్టాఫీసుకు రాయి.

నీ
గ్లెనిస్ మహారాణి
(సింహాసనం కాలు వంకర)


జీలాంగ్
ఏప్రిల్ 14

మహారాణీ వారికి,

నీ కుర్చీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సాయంత్రం ఐదయితే నాకిప్పుడు అదే ఆలోచన, అక్కడ కుర్చీలు వేసి ఉంటారు అని. ఇక్కడ ఐదయితే నేను తలుపు గడియ పెట్టుకుంటాను.

మన వైపు ఏప్రిలంటే చలికాలానికి మొదలే కదా, చలి వచ్చేసింది. హీటరు వెయ్యడం మానేశాను. రెండు స్వెట్టర్లు వేసుకుని, మిల్లు దుప్పటి కప్పుకుంటే దాని అవసరమే లేదు. పొడి గాలి గొంతుకు పడదు కూడా. ఈ మధ్య పప్పు సూపు మీద మనసు పోయింది, వారమంతా అదే వండుకుంటున్నాను. మాంసం తింటే అరగడం లేదు. నటాలీ ఆదివారం వచ్చి "ఏమిటమ్మా ఇంత చిక్కిపోయావు" అంది. తల్లిగా నేనడగాల్సిన మాట అది అడిగింది! అదీ మొగుడూ ఇద్దరూ పనిచేస్తున్నారు, ముగ్గురు పిల్లలు, రెండే గదులు. అయినా నెలాఖరుకి నా దగ్గరికొచ్చి బట్టల సబ్బు పట్టుకెళ్తుంది. నేను ఇస్తాను.

సరే, నాకు కొన్ని అనుమానాలున్నాయి. తీర్చు. స్నానం ఎక్కడ చేస్తావు? రాత్రిళ్ళు భయం వెయ్యదా? గ్యాసు సిలిండరు ఎన్నాళ్ళొస్తుంది? ఆ వ్యానులో ఇద్దరు పడుకోవచ్చా, లేక నీ ఒక్కదానికే ఇరుకా? ఊరికే అడుగుతున్నానులే. లెస్లీ అడగమంది.

ఏజెంటు నించి కవరొచ్చింది. గడియారం వెనక పెట్టాను.

నీ
రేలీన్


మిల్డూరా
మే 8

నా రేలీన్‌కి,

నీ లెస్లీకి చెప్పు. స్నానం ఈతకొలను దగ్గర, వేడినీళ్ళు ధారగా వస్తాయి. భయమా? ఎవరొస్తారు ఈ ముసలిదాని కోసం? గ్యాసు మూడు వారాలొస్తుంది, పొదుపు తెలిసినదానికి నాలుగు. ఇక ఇద్దరు పడుకోవడమా? మన మిల్లు హాస్టల్లో ఒక మంచం మీద ముగ్గురం పడుకున్నాం కదే, ఇద్దరంటే మైదానమే!

డెస్మండ్ వాళ్ళు నిజంగానే వెళ్ళిపోయారు, ఎండ వెతుక్కుంటూ ఉత్తరానికి. అందరూ వెళ్ళిపోయారు. ఐదింటికి నా కుర్చీ ఒక్కటే. నేనెందుకు వెళ్ళలేదంటావా? నాకు చలికాలమే ఇష్టం, జనం ఉండరు. పైగా ఇక్కడ ఒక మోటెల్లో వారానికి రెండు పూటలు గదులు తుడుస్తున్నాను, ఊరికే, చేతులు ఖాళీగా ఉండలేక.

పొద్దున్నే లేచేసరికి అద్దాల మీద మంచు, లోపలి వైపు. చేత్తో తుడిస్తే వేలిముద్రలు పడతాయి. చిన్నపిల్లలా బొమ్మలు గీస్తాను.

రేలీన్, ఒక మాట. మీ వెనక గదిలో ఇంకా ఆ కుట్టుమిషనే ఉందా? ఊరికే గుర్తొచ్చి అడిగాను. దానికి జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

నీ
గ్లెనిస్


జీలాంగ్
జూన్ 6

నా గ్లెనిస్‌కి,

కుట్టుమిషను గురించి ఎందుకడిగావే? ఉంది. కానీ ఎక్కువ రోజులుండదులే. నీకో రహస్యం ఉంది, ఇప్పుడు చెప్పను. చెబితే నువ్వు వద్దంటావు, నేను విని కూర్చుంటాను. అరవై ఎనిమిదేళ్ళూ ఎవరో ఒకరు వద్దంటే విని కూర్చున్న మనిషినే కదా నేను!

నీ ఉత్తరాలన్నీ బిస్కెట్ల డబ్బాలో పెట్టాను. మొన్న ఒక రోజు మనసు బాగోలేదు. ఏమీ లేదు, ఊరికే. ఆ రోజు పొయ్యి కూడా వెలిగించలేదు. మంచం మీద కూర్చుని నీ మొదటి ఉత్తరం తీశాను. "ఇన్నేళ్ళూ నాలుగు గోడల మధ్య ఏం చేశామే మనం" అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. నిజమే కదా. ఈ గోడల కోసం ఎంత భయపడి చస్తాం!

లెస్లీకి నీ జవాబులు చెప్పాను. తృప్తి పడింది.

జలుబు చెయ్యకుండా చూసుకో. మెడకు ఏదైనా చుట్టుకో.

నీ
రేలీన్


మిల్డూరా
జూలై 1

రేలీన్,

ఈ ఉత్తరం నాలుగోసారి మొదలుపెడుతున్నాను. మూడుసార్లు చింపాను. ఈసారి చింపితే ఇక రాయలేను. గ్రంథాలయంలో కూర్చున్నాను, ఇక్కడ వెచ్చగా ఉంటుంది. మూసేలోపు రాసెయ్యాలి.

నేను దేశం చూడ్డానికి రాలేదే. ఓనరు ఇల్లు అమ్ముకున్నాక తొమ్మిది ఇళ్ళకు దరఖాస్తు పెట్టాను. ఒక్కరూ ఇవ్వలేదు. వృద్ధాశ్రమం వంటింట్లో నా పని గంటలు సగానికి కోసేశారని నీకు చెప్పలేదు. నువ్వు పిలిచిన రోజు నాకు పిలుపు వినపడలేదు, జాలి వినపడింది. అందుకే అంత పొగరుగా నవ్వాను. మలుపు తిరిగాక హాయిగా ఉందని రాశాను కదా? మలుపు తిరిగాక వ్యాను పక్కకు ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను.

ఫోను కట్టెయ్యలేదు, అందులో డబ్బుల్లేవు. మూడు రోజులకు మించి ఒకచోట ఉండనిది నేను కాదు, నది ఒడ్డు కాపలా చూసే రేంజరు ఉండనివ్వడు. అద్దం మీద తట్టి "అమ్మా, మీ రోజులయిపోయాయి" అంటాడు. మర్యాదస్తుడు, కళ్ళలోకి చూడడు. ఈతకొలనులో వేడినీళ్ళు మార్చిలోనే ఆపేశారు. పౌలీన్‌కు మతిమరుపు లేదు. మొదటి రోజే కనిపెట్టింది, నాకు అవమానం కాకూడదని ప్రతిసారీ బయల్దేరుతున్నట్టు అబద్ధమాడింది. ఐదింటి గుంపులో అందరికీ తెలుసే. వాళ్ళ గ్లాసుల్లో వైను, నా కప్పులో పంపు నీళ్ళు. ఇల్లుండి తిరిగేవాళ్ళు ఇంటి కబుర్లు చెబుతారు. తోటకు నీళ్ళెవరు పోస్తున్నారు, మనవడు ఎలా ఉన్నాడు అని. ఇల్లులేనివాళ్ళు వాతావరణం గురించి మాట్లాడతారు. నేను ఎప్పుడూ వాతావరణమే.

దూరపు కొండలు నునుపంటారు. నేను కూర్చుని ఆ కొండల్ని నున్నగా చెక్కి చెక్కి నీకు పంపాను.

ఎందుకు చెబుతున్నానంటే, నాకిక చేత కావడం లేదు. పది రోజులుగా దగ్గు. రాత్రి నడుం బిగుసుకుపోతే పొద్దున్న కాళ్ళు కిందపెట్టడానికి గంట పడుతోంది. మోటెల్ వాళ్ళు నిన్న ఇక రావద్దన్నారు. పరుపులు ఎత్తలేకపోతున్నానట. నిరుద్యోగ భత్యం వస్తోంది, పెన్షనుకు ఇంకా మూడేళ్ళు. ఈ చలికాలం నేను దాటలేనేమోనని భయంగా ఉంది రేలీన్. ఈ మాట నా చేత్తో రాస్తాననుకోలేదు.

నీ వెనక గది కావాలి నాకు. ఊరికే వద్దు. భత్యంలో సగం నీ అద్దెలో పడేస్తాను, నీ బట్టలు ఉతుకుతాను, నీ గురక వింటాను. ఇద్దరం పంచుకుంటే నీకూ తేలికవుతుందేమో. మూడు రోజుల క్యాంటీనుతో నువ్వెలా నెట్టుకొస్తున్నావో నేను ఒక్కసారీ అడగలేదు. నా అబద్ధాలు కుట్టుకోవడంలోనే సరిపోయింది. హీటరు వెయ్యనన్నావు, మాంసం అరగదన్నావు. నాకు అప్పుడే తెలియాలి. పప్పు సూపు మీద మనసు పోవడమేమిటే, నీకు పప్పంటేనే పడదు కదా!

రమ్మను, వద్దను, ఏదో ఒకటి రాయి. జీలాంగ్ దాకా సరిపోయేంత పెట్రోలు ట్యాంకులో అట్టే పెట్టాను. అది ముట్టుకోను. రోజూ పోస్టాఫీసుకు వెళ్ళి చూస్తాను.

నీ
గ్లెనిస్


నటాలీ ఇల్లు, జీలాంగ్
జూలై 1

నా గ్లెనిస్‌కి,

రహస్యం చెప్పే రోజొచ్చింది. కూర్చునే చదువుతున్నావా? నేను నీ దగ్గరికి వచ్చేస్తున్నానే!

ఈ ఉత్తరం మా పిల్ల వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. శుక్రవారం ఇంటి తాళాలు ఇచ్చేశాను. ఆదివారానికల్లా కొత్తవాళ్ళు దిగిపోయారు, ఆస్పత్రిలో పనిచేసే ఇద్దరు అమ్మాయిలు. చెరి సగం కట్టుకుంటారట, తెలివైనవాళ్ళు.

ఇప్పుడు చెబితే తప్పులేదు కాబట్టి చెబుతున్నాను. గడియారం వెనక పెట్టిన కవరులో ఉన్నది అద్దె పెంపు. వారానికి ఎనభై డాలర్లు! రెండు నెలలు ఎలాగో కట్టాను, ఎలా కట్టానో అడక్కు. నీ సంతోషం పాడుచెయ్యడం ఇష్టం లేక రాయలేదు. నది ఒడ్డున హాయిగా ఉన్నదానికి నా ఏడుపెందుకు? నెల రోజుల కిందట ఆ పెళ్ళికొడుకు ఏజెంటు మళ్ళీ వచ్చాడు. అతనికీ కాస్త మనసుంది. "వెనక గది ఖాళీగానే ఉంది కదండీ, తోడుగా ఇంకొకరుంటే మీరిక్కడే ఉండిపోవచ్చు. ఎవరూ లేరా?" అన్నాడు. నువ్వే గుర్తొచ్చావు. కాగితం తీసి "గ్లెనిస్, వచ్చెయ్యవే" అని రాశాను కూడా. తరవాత నీ కుర్చీ ఉత్తరం మళ్ళీ చదివాను. స్వేచ్ఛగా తిరిగేదాన్ని నా అద్దె కోసం పిలిచి పంజరంలో పెట్టడం పాపం అనిపించింది. ఒకసారి పిలిచాను, నువ్వు రానన్నావు. రెండోసారి పిలిస్తే స్నేహం కాదు, స్వార్థం. ఆ కాగితం చింపేసి అతనితో "ఎవరూ లేరండీ" అన్నాను.

ఆ రాత్రే నిశ్చయించుకున్నాను. నువ్వు చెయ్యగలిగింది నేనెందుకు చెయ్యలేను? నీ ఉత్తరాలు లేకపోతే నాకీ ధైర్యం వచ్చేది కాదే. ఆ అద్దె కోసం కడుపు మాడ్చుకుంటూ అక్కడే పడి ఉండేదాన్ని. కుట్టుమిషను అమ్మేశాను, మంచం అమ్మేశాను, ఫ్రిజ్ నటాలీకి ఇచ్చాను. నటాలీ ఒకటే ఏడుపు. "అమ్మా, నా దగ్గరుండు" అంటుంది, ఎక్కడుంటాను? ఇప్పుడు సోఫా మీద పడుకుంటున్నాను. పెద్ద మనవడు పొద్దున్నే లేచి నా కాళ్ళ మీద కూర్చుని బూట్లు వేసుకుంటాడు. "గ్లెనిస్ పిన్ని దగ్గరికి పోతున్నానే, నది ఒడ్డున రాణుల్లా ఉంటాం" అని ఓదార్చాను. నీ ఉత్తరాలు చదివి వినిపిస్తే కాస్త తేరుకుంది.

పెన్షనర్లకిచ్చే ఉచిత టికెట్టు ఒకటి మిగిలింది. వచ్చే గురువారం బయల్దేరుతున్నాను, బల్లారట్ దాకా రైలు, అక్కణ్ణించి బస్సు. ఒకటే పెట్టె. మిల్లు దుప్పటి తెస్తున్నాను, నీదీ నాదీ కలిపి కప్పుకుంటే నీ అద్దాల మీద మంచు కూడా కరుగుతుంది. పౌలీన్ వాళ్ళు వెళ్ళిపోయారని దిగులుపడకు, నేనున్నానుగా.

ఇక పాత ఇంటి అడ్రసుకు ఏమీ రాయకు. ఇప్పటికే ఏదైనా రాసి పోస్టులో వేసి ఉంటే బాధపడకు. కొత్త అమ్మాయిలు చెత్తబుట్టలో వేస్తారు, అంతే కదా. అందులో ఏముందో నీ నోటితోనే చెబుదువుగాని.

బస్సు సాయంత్రం ఐదింటికి మిల్డూరా చేరుతుందట. చూశావా, సరిగ్గా వేళకే! నాలుగు కాళ్ళూ తిన్నగా ఉన్న ఆకుపచ్చ కుర్చీ ఒకటి కొన్నాను, వెంట తెచ్చుకుంటున్నాను. నీ కుర్చీ పక్కన చోటుంచు.

వచ్చేస్తున్న నీ
రేలీన్